ఊరికే

కళ్యాణదుర్గం నుంచి వచ్చిన లారీ సామాను దించుతుండగానే
ఇంటామె సుభద్రాయమ్మ గారు చెప్పింది:
"ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వెయ్యమ్మా,
లేకపోతే తెల్లారేసరికి నీరైపోద్ది."

మా వైపు ఉప్పు ఎండుతుంది, చింతపండు ఎండుతుంది,
బావి ఎండుతుంది.
తడి అంటే ఏడాదికి రెండుసార్లు వచ్చి
కాఫీ తాగకుండానే వెళ్లిపోయే చుట్టం.
కాకినాడలో అది
అద్దె కట్టకుండా నాతోపాటే దిగింది.
అగ్గిపుల్ల గీస్తే గీత పడుతుంది, మంట పుట్టదు.
ఆరేసిన చీర మూడు రోజులైనా ఎటూ తేల్చుకోదు.
కిటికీ ఊచల మీద తుప్పు
నాకంటే ముందే స్థిరపడిపోయింది.

రాత్రి మూడింటికి మెలకువ.
కొళాయి ఎప్పుడు బుసకొడుతుందోనని
ఒక చెవిని మంచం బయటే పెట్టి పడుకున్న
పదిహేనేళ్ల అలవాటు.
లేచి, చీకట్లో బిందె తడుముకుని,
వంటింట్లో నిలబడ్డాక గుర్తొస్తుంది,
ఇక్కడ నీళ్లు ఎటూ పోవని.
ఖాళీ బిందెతో ఇప్పుడేం చెయ్యాలి?
దూరంగా రేవులో ఓడ ఒకటి ఆవులిస్తుంది.

మొదటి ఆదివారం
ల్యాబులో నా పక్క టేబులు అచ్యుతవల్లి
"సాయంత్రం బీచికి వస్తారాండీ?" అంది.
"ఏం పనుంది?"
"పనేంటండీ! ఊరికే."

ఊరికే.
మా ఇంట్లో అది తిట్టు.
ఊరికే కూచున్నావేమే. ఊరికే తిరుగుతాండావేమే.
ఊరికే వస్తాయా దుడ్లు.
శనక్కాయలు ఒలవని చేతుల్ని
మా అవ్వ చేతులుగా ఒప్పుకునేది కాదు.

అయినా వెళ్లాను.
సంచిలో మందుల చీటీ ఒకటి పెట్టుకుని,
దారిలో ఏదో పని ఉంటే
వెళ్లినందుకు సాకుగా ఉంటుందని.

సముద్రం ఏదీ?
సినిమాల్లో చూసినంత కోపం లేదే!
"హోప్ ఐలాండ్ అడ్డం పడుకుందండి,
ఇక్కడ కెరటం గట్టిగా మాటాడదు.
ఉప్పాడెళ్లండి, అక్కడ రోడ్డునే మింగేత్తాది, ఆయ్"
అన్నాడు ముంత మసాలా కలిపే నూకరాజు,
ఉల్లిపాయ తరిగే చెయ్యి ఆపకుండా.

పోర్టులో గుమాస్తాగా చేసి దిగిపోయిన పెద్దాయన ఒకరు
ఇంటి నుంచి కుర్చీ తెచ్చుకుని
సముద్రానికి వీపు పెట్టి కూచున్నారు.
"ముప్పయ్యేళ్లు నేను చూశానమ్మా.
ఇక దాన్ని చూడనీ నన్ను."

కాజా కొరికాను.
పాకం మోచేతి దాకా కారింది.
అచ్యుతవల్లి పగలబడి నవ్వి,
"కొరక్కూడదండీ, మొత్తం నోట్లో పెట్టేసుకోవాలి.
కొత్తోళ్లని అలాగే పట్టేస్తాం."

కార్తీకంలో కోరంగి తీసుకెళ్లారు.
చెక్కవంతెన కింద బురదలోంచి
మడచెట్ల వేర్లు మొన తేలి పైకొచ్చి
గాలి అడుగుతున్నాయి.
మా ఊళ్లో వెతుకులాటంతా కిందికే,
నాలుగొందల అడుగులు, ఆరొందలు,
బోరు బండి వాడు తల అడ్డంగా ఊపేదాకా.
ఇక్కడ నీళ్లలో నిలబడ్డ చెట్టుకీ
ఏదో ఒకటి తక్కువే.
బురద మీద నడిచే చేప ఒకటి
రెండడుగులేసి, నన్ను చూసి ఆగింది.
అదీ ఈమధ్యే వచ్చినట్టుంది.

నిన్న సాయంత్రం మళ్లీ ఇసకలో ఉన్నాను.
సంచి లేదు, చీటీ లేదు.
ట్యాంకరు దగ్గర నిలబడి అక్క ఫోను చేసింది.
"ఏం జేస్తాండావే?"
"సముద్రం కాడ ఉన్నా."
"యాలే?"
"ఊరికే."

అటుపక్క బిందెల గోల, ఎవరో ఎవరినో తోసిన కేక.
"యా ఊరికి?" అంది అక్క,
సరిగ్గా వినపడక.
నేను చెప్పేలోపే
"ఉండు, నా వంతొచ్చింది" అని పెట్టేసింది.

నీళ్లు నా కాళ్ల దాకా వచ్చాయి,
వరుస లేకుండా, వంతు లేకుండా.
వెళ్లాయి.
మళ్లీ వచ్చాయి.